ఉప్పు నీళ్ళలో కరగడం భౌతిక మార్పా, రసాయన మార్పా?

ఒంగోలు_అమ్మ:
మా అమ్మాయి తొమ్మిదో తరగతి. మొన్న యూనిట్ టెస్టులో "ఉప్పు నీళ్ళలో కరగడం ఏ రకం మార్పు? ఎందుకు?" అని రెండు మార్కుల ప్రశ్న వచ్చింది. "రసాయన మార్పు, సోడియం, క్లోరైడ్ అయాన్లు విడిపోతాయి కాబట్టి" అని రాసింది. రెండు మార్కులూ కొట్టేశారు. మార్కులు పోయినందుకు కాదు నా బాధ. ఆలోచించి కారణం రాసిన పిల్లకీ, ఖాళీగా వదిలేసిన పిల్లకీ ఒకే సున్నా రావడం బాధగా ఉంది. ఇంతకీ అది రాసింది నిజంగా తప్పేనా?

బడిపంతులు_62:
అమ్మా, నేను ముప్పై ఏళ్ళు సైన్సు చెప్పి రిటైరయ్యాను. జవాబు భౌతిక మార్పే. నీళ్ళు ఎండిపోతే ఉప్పు మళ్ళీ ఉప్పుగానే చేతికొస్తుంది. మీ వైపు చినగంజాం ఉప్పు మళ్ళలో జరిగేదీ అదే. కాల్చిన సున్నం మీద నీళ్ళు పోసి చూడండి, కుతకుతలాడి పొగలు కక్కుతుంది. తర్వాత ఎండలో ఎన్నాళ్ళు పెట్టినా పాత సున్నం తిరిగి రాదు. రసాయన మార్పంటే అది.

కెమిస్ట్రీ_హైదరాబాద్:
మాస్టారూ, మీ మాట కాదంటున్నందుకు ఏమనుకోకండి. "తిరిగొస్తే భౌతికం" అన్న కొలబద్ద నిలవదు. మైలుతుత్తం, అంటే కాపర్ సల్ఫేట్, వేడిచేస్తే నీలం పోయి తెల్లపొడి అవుతుంది. దాని మీద రెండు చుక్కల నీళ్ళు వేస్తే మళ్ళీ నీలం. తిరిగొచ్చింది కదా, అయినా దాన్ని రసాయన మార్పుగానే చెబుతాం.

ఇక ఉప్పు. ఒక మోల్, అంటే 58.5 గ్రాముల ఉప్పులోని అయాన్లను, అంటే విద్యుదావేశం ఉన్న కణాలను, పూర్తిగా విడదీయాలంటే దాదాపు 787 కిలోజౌళ్ళు కావాలి. పొయ్యి అక్కర్లేకుండా మామూలు నీళ్ళు ఆ పని చేసేస్తున్నాయి. నీటి అణువులో ఆక్సిజన్ వైపు కాస్త రుణావేశం, హైడ్రోజన్ల వైపు కాస్త ధనావేశం ఉంటాయి. సోడియం అయాన్ చుట్టూ ఆక్సిజన్లు, క్లోరైడ్ చుట్టూ హైడ్రోజన్లు మూగుతాయి. అలా మూగినప్పుడు విడుదలయ్యే శక్తి ఆ ఖర్చంతా దాదాపుగా తీర్చేస్తుంది. మిగిలే తేడా 4 కిలోజౌళ్ళే, అందుకే గ్లాసు కొద్దిగా చల్లబడుతుందంతే. పైకి ఏమీ జరగనట్టుంటుంది కానీ లోపల పాత పట్టు వదిలింది, కొత్త పట్టు దొరికింది. ఆ పాప రాసింది అదే.

1884లో స్వీడన్ శాస్త్రవేత్త అర్హీనియస్ లవణాల ద్రావణాల గురించి డాక్టరేట్ థీసిస్ ఇస్తే ఉప్సాలా యూనివర్సిటీ ప్రొఫెసర్లు తక్కువ గ్రేడుతో సరిపెట్టారు. అందులోంచి పెరిగిన అయాన్ల సిద్ధాంతానికే 1903లో నోబెల్ వచ్చింది. పాపకి ఇది తప్పకుండా చెప్పండమ్మా.

బడిపంతులు_62:
మైలుతుత్తం సంగతి ఒప్పుకుంటున్నా బాబూ, ఆ ఒక్క కొలబద్ద చాలదు. కానీ ఇది చూడు. ఉప్పు పలుకులో ఉన్నవి మొదట్నుంచీ అయాన్లే. నీళ్ళు వాటిని దూరం జరిపాయి, పుట్టించలేదు. హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు అలా కాదు, నీళ్ళలో కలిస్తే దాని అణువు విరిగి, అంతకుముందు లేని అయాన్లు పుడతాయి. అది నిస్సందేహంగా రసాయన మార్పు. పంచదార అణువు చెక్కుచెదరకుండా కరుగుతుంది, అది భౌతికం. ఉప్పు ఈ రెండిటి మధ్యన ఉన్నా, నా దృష్టిలో పంచదారకే దగ్గర.

నౌపడ_కుర్రోడు:
మా నాన్న ఉప్పు మళ్ళలో పనిచేశారు. మాస్టారు గారూ, "ఉప్పు మళ్ళీ ఉప్పుగానే" అన్నారు, దాని మీద ఒక్క మాట. సముద్రపు నీళ్ళు ఇంకేటప్పుడు ఉప్పు కన్నా ముందే జిప్సం అడుగున కూర్చుంటుంది. తర్వాత ఉప్పు. చివర్లో మిగిలిన నీళ్ళు నాలుక మీద పెట్టుకుంటే చేదు, మెగ్నీషియం లవణాల వల్ల. వాటిని కూడా ఎండనిస్తే ఉప్పుకి చేదెక్కుతుంది, చెమ్మ లాగుతుంది. అందుకే వదిలేస్తారు.

నీళ్ళలో ఉన్నంతసేపూ ఏ అయానూ ఎవరి సొత్తూ కాదు. పొటాషియం క్లోరైడ్, సోడియం నైట్రేట్ కలిపి నీళ్ళలో మరగబెడితే వేడి మీద మామూలు ఉప్పు విడిపడుతుంది. వడగట్టి చల్లారిస్తే సూరేకారం, అంటే పొటాషియం నైట్రేట్, గడ్డకడుతుంది. వేసినవి రెండు, వచ్చినవి వేరే రెండు.

ఒంగోలు_అమ్మ:
అందరికీ దండాలు. ఇవన్నీ అమ్మాయికి చదివి వినిపిస్తే, రెండు స్టీలు పళ్ళేల్లో ఉప్పు నీళ్ళు, పంచదార నీళ్ళు పోసి మేడ మీద పెట్టింది. మూడో రోజుకి ఉప్పు పళ్ళెంలో చిన్న చిన్న చదరాలు తేలాయి. భూతద్దంలో చూస్తే కొన్నిటికి మధ్యలో మెట్లు మెట్లుగా గుంట. పంచదార మాత్రం జిగురుగా వేలికంటుకుంది, చీమలు కూడా పట్టాయి. "కనబడకుండా పోయినవి మళ్ళీ ఇంత వరసగా ఎలా నిలబడ్డాయి?" అని నిన్నటి నుంచీ ఒకటే ప్రశ్న. మాస్టారూ, పరీక్షలో ఏం రాయమంటారు?

బడిపంతులు_62:
"భౌతిక మార్పు, అయాన్లు విడిపోయాయి, కొత్త పదార్థం ఏర్పడలేదు" అని రాయమను తల్లీ. అయితే ఆ పేపరు నేను దిద్దుంటే ఒక మార్కు తప్పక వేసేవాణ్ణి. అయాన్లు విడిపోతాయన్న మాట అక్షరాలా నిజం.

కెమిస్ట్రీ_హైదరాబాద్:
నేనైతే రెండూ వేసేవాణ్ణి మాస్టారూ. సూరేకారం సంగతికి మీరింకా జవాబు చెప్పలేదు.