"కాలేయం రక్తాన్ని తయారుచేస్తుంది": ఈ వాక్యంలో కర్త సరైనదేనా?

ప్రశ్న:
పుట్టకముందు శిశువులో రక్తం ఎలా ఏర్పడుతుందో హైస్కూలు పిల్లల కోసం రాస్తున్నాను. "గర్భస్థ శిశువులో కాలేయం రక్తాన్ని తయారుచేస్తుంది" అని రాస్తే, చదివిన స్నేహితురాలు "కాలేయంలో రక్తకణాలు తయారవుతాయి" అని దిద్దారు. నాకు రెండూ ఒకటే అనిపిస్తున్నాయి. నిజంగా తేడా ఉందంటారా? అలాగే, ఆహారం నుంచి వచ్చే రసం కాలేయానికి చేరి ఎర్రబడుతుందని సుశ్రుత సంహితలో ఉందట. దాన్ని ఇక్కడ ఉదహరించవచ్చా?

జవాబు:
తేడా ఉందండీ, చాలానే ఉంది. "తయారుచేస్తుంది" అనగానే కాలేయ కణాలే రక్తకణాలను కంటాయని పిల్లలు అనుకుంటారు. అసలు అవి పుట్టేది వేరేచోట. మొట్టమొదటి ఎర్రకణాలు మూడో వారంలో, పిండానికి అంటుకుని ఉండే సొనసంచి గోడలో పుడతాయి. అవి పెద్దవి, కేంద్రకంతోనే రక్తంలో తిరుగుతాయి. ఆ తర్వాత కొద్ది రోజులకు పిండం బృహద్ధమని లోపలి గోడ నుంచి రక్త మూలకణాలు విడివడతాయి. మనకు జీవితాంతం రక్తాన్నిచ్చే వంశం వీటిదే. ఇవి రక్తప్రవాహంతో పాటు వచ్చి, అప్పుడప్పుడే రూపుదిద్దుకుంటున్న కాలేయంలో స్థిరపడతాయి. అక్కడ వాటి సంతతి విపరీతంగా పెరుగుతుంది. మూడో నెల నుంచి ఆరో నెల దాకా శిశువు రక్తకణాల్లో ఎక్కువ భాగం అక్కడినుంచే వస్తాయి. నారుమడి అనుకోండి. విత్తనం మడిది కాదు, కానీ నారు ఎదిగేది అందులోనే. నాట్లు పడేది ఎముక మూలుగలో. కాబట్టి "లో" చేర్చి "కాలేయంలో తయారవుతాయి" అన్న మీ స్నేహితురాలి దిద్దుబాటే నాకు నచ్చింది.

ఇంకో జవాబు:
ఒప్పుకుంటాను గానీ, ఒక్క "లో"తో సరిపెడితే కాలేయం ఉత్త పాత్రలా కనిపిస్తుంది. ఎర్రకణాలు పెరగాలంటే ఎరిత్రోపొయెటిన్ అనే హార్మోన్ కావాలి. పుట్టాక దాన్ని ప్రధానంగా మూత్రపిండాలు ఇస్తాయి, గర్భంలో ఉన్నప్పుడు ఇచ్చేది ఎక్కువగా కాలేయ కణాలే. ఎర్రకణాలు కాబోయే కణాలు అక్కడ ఒక మహాభక్షక కణం (వ్యర్థాలను మింగే పెద్ద కణం) చుట్టూ గుంపుగా అతుక్కుని ఎదుగుతాయి. అవి చివర్లో బయటికి నెట్టేసిన కేంద్రకాన్ని ఆ మధ్యలోని కణమే మింగేస్తుంది. ఇలాంటి గుంపులు తర్వాత మూలుగలోనూ ఉంటాయి. ఇంత జరుగుతున్నచోట "కాలేయం అండతో రక్తకణాలు ఎదుగుతాయి" అంటే ఇంకా బాగుంటుంది. "ఎదుగుతాయి" అన్న క్రియలో పుట్టుక వేరేచోట అన్న సూచన కూడా ఉంది.

మొదటి జవాబు రాసినవారు:
"ఎదుగుతాయి" చాలా బాగుందండీ. నాకు తట్టలేదు.

శ్లోకం సంగతి. సుశ్రుత సంహిత సూత్రస్థానం 14వ అధ్యాయంలోని మాట ఇది: "స ఖల్వాప్యో రసో యకృత్ప్లీహానౌ ప్రాప్య రాగముపైతి". నిజానికి ఇది శ్లోకం కాదు, వచనం. ద్రవరూపమైన ఆ రసం కాలేయాన్నీ ప్లీహాన్నీ చేరి ఎరుపును పొందుతుంది అని అర్థం. ఇక్కడ కర్త రసం, కాలేయం అది చేరే చోటు. వాక్యనిర్మాణం మన చర్చకు ఎంత దగ్గరగా ఉందో చూడండి! కానీ ఈ మాట చెప్పింది ఆహారరసం గురించి, గర్భస్థ శిశువు గురించి కాదు. శిశువు గురించి శారీరస్థానం 4వ అధ్యాయంలో ఉన్నది దాదాపు తలకిందులు: కాలేయం, ప్లీహం రక్తం నుంచి పుడతాయంటుంది. మూలకణాల సంగతి ఇందులో ముందే ఉందని రాస్తే పిల్లలకూ సుశ్రుతుడికీ ఇద్దరికీ అన్యాయమే. పాతకాలంలో రక్తానికీ కాలేయానికీ సంబంధం కల్పించిన తీరుకు ఉదాహరణగా మాత్రం తప్పకుండా ఇవ్వండి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. "పుట్టగానే ఈ పని ఎముక మూలుగకు మారుతుంది" అని ఇంకో వాక్యం ఉంది. అది ఉంచవచ్చా?

జవాబు:
"పుట్టగానే" తీసేయండి. మూలుగలో పని సుమారు మూడో నెలలోనే మొదలై, ఏడో నెలకు అదే ప్రధాన స్థానం అవుతుంది. చాలాకాలం రెండుచోట్లా పని జరుగుతుంది కాబట్టి "క్రమంగా మారుతుంది" అనండి. "కాలేయంలో పూర్తిగా ఆగిపోతుంది" అని కూడా తేల్చేయవద్దు. తీవ్రమైన తలసీమియాలోనూ (హీమోగ్లోబిన్ సరిగా తయారుకాని వంశపారంపర్య జబ్బు), మూలుగ నారగట్టే జబ్బులోనూ పెద్దయ్యాక కూడా కాలేయం, ప్లీహాల్లో రక్తకణాలు మళ్లీ తయారుకావచ్చు.

ఒక్క జాగ్రత్త. గర్భస్థ హీమోగ్లోబిన్‌ను (శిశువు ఎర్రకణాల్లో ఉండే ప్రత్యేక రకాన్ని) కొందరు కాలేయానికి ముడిపెట్టి రాస్తుంటారు. స్థానం మూలుగకు మారినా ఆ హీమోగ్లోబిన్ వెంటనే పోదు, పుట్టేనాటికి ఇంకా సగానికి పైగా అదే ఉంటుంది. అందుకే, పెద్దల రకం హీమోగ్లోబిన్ సరిగా తయారుకాని బీటా తలసీమియా ఉన్న పాప పుట్టినప్పుడు మామూలుగానే కనిపించి, కొన్ని నెలలకు పాలిపోతుంది. స్థానం మారడం, హీమోగ్లోబిన్ మారడం అనే ఈ రెండు మార్పులనూ వేర్వేరు పేరాల్లో రాయండి.