ఉకియొ-ఎ: తేలియాడే లోకమా, తేలిపోయే లోకమా?

ప్రశ్న:

బోస్టన్ లలిత కళల మ్యూజియంలో 2023లో జరిగిన జపాన్ చిత్రకారుడు హొకుసాయ్ ప్రదర్శన చూసి వచ్చినప్పటి నుంచి ఒక మాట నన్ను వదలడం లేదు. ఆ బొమ్మల సంప్రదాయాన్ని జపనీయులు "ఉకియో-ఎ" అంటారు. ఇంగ్లీషులో దానికి స్థిరపడిన అర్థాన్ని పట్టుకుని, మా ఊరి తెలుగు సంఘం పత్రికకు రాస్తున్న వ్యాసంలో "తేలియాడే ప్రపంచపు చిత్రాలు" అని తెనిగించాను. మర్నాడు చదువుకుంటే చెరువు మీది తామరాకులు కళ్లముందు మెదిలాయే తప్ప, ప్రదర్శనశాలలో చూసిన నటులు, మల్లయోధులు, వంతెన మీద వానలో పరుగెత్తే మనుషులు గుర్తుకు రాలేదు. ఇంతకంటే తగిన మాట ఉంటే దయచేసి సూచించగలరు.

సమాధానం:

మీ అసంతృప్తి సరైనదేనండి. ఆ మాట మనకు నేరుగా రాలేదు, ఇంగ్లీషు గుమ్మం దాటి వచ్చింది. "ఎ" అంటే బొమ్మ, "యొ" అంటే లోకం. చిక్కంతా "ఉకి" దగ్గర ఉంది. పూర్వపు బౌద్ధ వాడుకలో ఈ "ఉకి"ని దుఃఖాన్ని సూచించే అక్షరంతో రాసేవారు కాబట్టి, ఉకియొ అంటే విడిపించుకుని బయటపడవలసిన దుఃఖమయ లోకం. పదిహేడో శతాబ్దంలో ఎదొ (నేటి టోక్యో), ఓసక, క్యోతొ నగరాల పట్టణవాసులు ధ్వనిని అలాగే ఉంచి, తేలడాన్ని సూచించే అక్షరంతో రాయడం మొదలుపెట్టారు. ఎలాగూ నిలవని లోకం కదా, ఉన్నంతసేపు అనుభవిద్దామన్న భావం ఆ మార్పులో ఉంది. 1660లలో అసాయ్ ర్యోయి రాసిన "ఉకియొ మొనొగతరి" ఈ కొత్త అర్థాన్ని చెప్పిన తొలి రచనల్లో ప్రసిద్ధమైనది. వెన్నెలను, మంచును, పూలను, ఎర్రబారిన ఆకులను చూసి మురుస్తూ, పాడుకుంటూ తాగుతూ, ఏటి వాలున పోయే సొరబుర్రలా బతకడమే ఉకియొ అని ఆయన భావం. నడుముకు సొరబుర్ర కట్టుకుని బావిలో ఈత నేర్చుకున్నవారికి ఈ పోలికను వేరే విడమరచనక్కరలేదు.

ఇలా అర్థం జారిన మాట మనకూ ఒకటి ఉంది, అది "సంసారం". జననమరణాల చక్రం అన్న బరువైన అర్థంతో వచ్చిన ఆ సంస్కృత పదం తెలుగువారి నోట ఆలుబిడ్డలతో సాగే ఇంటి బతుకుగా మారిపోయింది. తప్పించుకోవలసినదాన్ని పేర్కొన్న పదమే రోజూ గడుపుతున్నదాన్ని పేర్కొనే పదమైంది. అందువల్ల ఉకియొ కథ తెలుగు పాఠకునికి అర్థం కావాలంటే సంసారం కథ చెప్పడం కంటే దగ్గరి దారి నాకు కనిపించదు. అయినా "సంసార చిత్రాలు" అని మాత్రం రాయలేము, ఎందుకంటే ఆ బొమ్మల్లో అధికభాగం ఇంటి గడప బయటివి: కబుకి అనే జపాన్ నాటకాల నటులు, యొషివర వేశ్యావాటికలోని స్త్రీలు, కుస్తీ వీరులు, తరువాతి కాలంలో యాత్రామార్గాల ప్రకృతి దృశ్యాలు. "క్షణిక లోకం" అంటే బౌద్ధం నిలుస్తుంది కాని కులాసా పోతుంది.

నా సూచన "తేలిపోయే లోకపు బొమ్మలు". తేలియాడటం నీటి మీది కదలికను మాత్రమే చెబుతుంది. తేలిపోవడం అలా కాదు. ఆనందంలో మనిషి తేలిపోతాడు, గాలికి మబ్బు తేలిపోతుంది, పసలేని వాదన కూడా పదిమందిలో తేలిపోతుంది. జపనీయులకు రెండు అక్షరాలు పట్టిన సుఖదుఃఖాలను మన "పోవు" అనే చిన్న క్రియ ఒక్కటే మోస్తోంది.

ఆ బొమ్మల రంగులకు కూడా ఈ మాట తగుతుందని నా నమ్మకం. పాత ముద్రణల్లో కుసుమపూల నుంచి తీసిన ఎరుపునూ, "త్సుయుకుస" అనే మొక్క పూల నుంచి తీసిన నీలాన్నీ వాడేవారు. ఆ పేరుకు మంచుబిందువుల గడ్డి అని అర్థం. ఇవి వెలుతురుకు తొందరగా వెలిసిపోతాయి. సుమారు 1831 నాటి హొకుసాయ్ "పెద్ద అల"లో దిగుమతి రంగైన ప్రష్యన్ నీలం నేటికీ నిలిచింది కాని, ఆకాశంలోని లేత గులాబీ ఛాయ చాలా ప్రతుల్లో కనిపించకుండా పోయింది. మీరు వెళ్లిన మ్యూజియానికే 1921లో స్పాల్డింగ్ సోదరులు దాదాపు 6,500 ముద్రణలను దానం చేస్తూ, వాటిని ఎన్నడూ ప్రదర్శనకు పెట్టరాదని షరతు విధించారు. అందుకే వాటి రంగులు అంత తాజాగా ఉన్నాయని చెబుతారు.

మరొక సభ్యురాలు:

మాది పెడన. బట్ట మీద అద్దకానికి రంగు రంగుకూ వేరే అచ్చు చెక్కడం మా వీధుల్లో చూస్తూ పెరిగాను. జపనీయుల పద్ధతి కూడా అదే కనుక "అచ్చుబొమ్మలు" అంటే సరిపోదా అండీ? వినగానే తయారీ కూడా తెలుస్తుంది.

సమాధానం:

అమ్మా, మీ మాట ఎంతో బాగుంది. చెక్క అచ్చులతో వేసినవాటిని గురించి రాసేటప్పుడు అదే వాడాలి. చిత్రకారుడు గీసినదాన్ని చెక్కేవారు ఒకరు, కాగితం మీద అద్దేవారు మరొకరు, పెట్టుబడి పెట్టే ప్రచురణకర్త ఇంకొకరు అన్న పనుల విభజన కూడా పెడనవారికి కొత్త కాదు. అయితే ఉకియొ-ఎ చిత్రకారులు పట్టు మీద, కాగితం మీద కుంచెతో స్వయంగా వేసినవీ ఉన్నాయి. వాటిని కూడా ఉకియొ-ఎ అనే అంటారు కాబట్టి, "అచ్చుబొమ్మ" మొత్తానికి పేరు కాజాలదు.

మొదట అడిగినవారికి మరొక్క మాట. మీరు "ఉకియో" అని దీర్ఘం ఇచ్చారు. జపనీస్‌లో అది హ్రస్వమే, "ఎ" కూడా హ్రస్వమే. ఇంగ్లీషు లిపిలో ఈ తేడా సాధారణంగా కనిపించదు. హ్రస్వ ఒకార ఎకారాలు ఉన్న మన లిపి దాన్ని ఉన్నదున్నట్టు చూపగలదు. ఆ సౌకర్యాన్ని వదులుకోవద్దని నా విన్నపం.

ప్రశ్న అడిగినవారు:

వాక్యాన్ని ఇలా మార్చాను: "దుఃఖలోకమన్న పాత అర్థాన్ని అడుగున దాచుకున్న ఉకియొ-ఎ, అంటే తేలిపోయే లోకపు బొమ్మలు, ఎదొ నగరపు సామాన్యులు కొనుక్కుని మురిసిన బొమ్మలు." దీర్ఘాలు కూడా దిద్దుకున్నాను. మీ ఇద్దరికీ కృతజ్ఞతలు.