సర్వ్‌లెట్ రెస్పాన్స్‌లో తెలుగు బదులు క్వశ్చన్ మార్కులు, ఎక్కడ తేడా కొడుతోంది?

గాజువాక_కోడర్:
అందరికీ నమస్తే. వైజాగ్‌లో ఒక స్వీట్ షాపు వాళ్ళకి ఆర్డర్ల యాప్ చేస్తున్నా, జావా సర్వ్‌లెట్లు (బ్రౌజర్ అడిగితే జవాబు పంపే ప్రోగ్రాములు), వాటిని నడిపే సర్వర్ టామ్‌క్యాట్ 9, వెనక డేటాబేస్ మైసీక్వెల్. ఐటమ్ పేరొక్కటే ప్లెయిన్ టెక్స్ట్‌గా ఇచ్చే చిన్న యూఆర్ఎల్ ఉంది, ప్యాకింగ్ దగ్గరున్న ట్యాబ్లెట్‌లో ఆ పేరు కనబడుతుంది. ఇంగ్లీషు పేర్లున్నన్నాళ్ళూ ఏ గొడవా లేదు. మొన్న ఓనర్ గారు పేర్లన్నీ తెలుగులో పెట్టమన్నారు, మాడుగుల హల్వా అని పెడితే ట్యాబ్‌లో ??????? ????? అని వస్తోంది. డేటాబేస్‌లో తెలుగు శుభ్రంగానే ఉంది. ట్యాబ్‌లో చూపించే పేజీకి మెటా చార్‌సెట్ (బైట్లని ఏ అక్షరాలుగా చదవాలో చెప్పే ట్యాగ్) పెట్టా, సర్వ్‌లెట్‌లో అక్షరాల్ని ఏ పద్ధతిలో బైట్లు చెయ్యాలో చెప్పే సెట్‌క్యారెక్టర్‌ఎన్‌కోడింగ్ కూడా పెట్టా, ఏం పెట్టినా అవే మార్కులు. రెండ్రోజుల్నుంచి ఇదే పని, నాకేటీ అర్థం కావట్లేదు.

కంచరపాలెం_జావా:
గురూ, ఆ మార్కులు లెక్కపెట్టావా? 7, గ్యాపు, మళ్ళీ 5. మాడుగుల అంటే యూనికోడ్‌లో మ, దీర్ఘం, డ, కొమ్ము, గ, కొమ్ము, ల, మొత్తం 7. హల్వాకి పొల్లుతో కలిపి 5. ఒక్కోదానికి ఒక్కో మార్కు పడిందంటే జావా చేతికి పేరు సరిగ్గానే అందినట్టు, బైట్లుగా మార్చి బయటికి తోసేటప్పుడే పోయింది. చార్‌సెట్ చెప్పకుండా గెట్‌రైటర్ (జవాబు రాసే రైటర్‌ని ఇచ్చేది) పిలిస్తే సర్వ్‌లెట్ ఐఎస్ఓ-8859-1 అనే పాత చార్‌సెట్ తీసుకుంటుంది, అందులో తెలుగుకి చోటే లేదు. బయటికొచ్చేది నిజంగానే క్వశ్చన్ మార్కు బైటు, 3ఎఫ్, ఇక మెటా ట్యాగ్ ఏం చేస్తుంది పాపం. అదే ఇంగ్లీషు ఏ మీద గీత, పక్కన డిగ్రీ గుర్తు, అలా పిచ్చి గీతలు వచ్చుంటే బైట్లు బానే ఉన్నాయి, చదివేవాడు తప్పు చదువుతున్నాడు అనుకోవచ్చు. నీది ఆ కేసు కాదు. సెట్‌క్యారెక్టర్‌ఎన్‌కోడింగ్ లైను గెట్‌రైటర్‌కి ముందుందా తర్వాతుందా? తర్వాతుంటే దాన్ని పట్టించుకోదు, ఎర్రర్ కూడా ఇవ్వదు.

మద్దిలపాలెం_ఫ్రెషర్:
అన్నా, జావా 18కి మారిపోతే సరిపోదా, అందులో తెలుగు కూడా పట్టే యూటీఎఫ్-8ని డిఫాల్ట్ చేశారు కదా?

కంచరపాలెం_జావా:
కాదు తమ్ముడూ. 2022లో వచ్చిన ఆ మార్పు జేవీఎమ్ (జావా ప్రోగ్రాముల్ని నడిపేది) డిఫాల్ట్‌కి. ఇది సర్వ్‌లెట్ స్పెసిఫికేషన్ చెప్పే డిఫాల్ట్, 1999 నాటి హెచ్‌టీటీపీలో టెక్స్ట్ అంటే 8859-1 అనుకోమన్నారు, ఆ వాసన ఇంకా పోలేదు. 2014లో హెచ్‌టీటీపీ వాళ్ళే ఆ మాట తీసేశారు. టామ్‌క్యాట్ 9 కాబట్టి యాప్ సెట్టింగులుండే వెబ్ ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైల్లో రెస్పాన్స్-క్యారెక్టర్-ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని ఒక్క లైను పెడితే అన్ని సర్వ్‌లెట్లకీ వర్తిస్తుంది. ఇంకోటి, పేరుని గెట్‌బైట్స్‌తో బైట్లు చేసి మళ్ళీ న్యూ స్ట్రింగ్ కట్టే చిట్కా ఎవరైనా చెబితే వినకండి, అది ఒకచోట అతికి ఇంకోచోట చింపుతుంది.

గాజువాక_కోడర్:
తర్వాతే ఉంది అన్నా 🙏 వెబ్ ఎక్స్‌ఎమ్‌ఎల్‌లో పెట్టా, తెలుగొచ్చింది. కానీ ఇప్పుడు కొత్త కామెడీ, పేరు మొత్తం రావట్లేదు, "మాడు" అని వచ్చి పక్కన నల్ల డైమండ్‌లో క్వశ్చన్ మార్కు. ప్యాకింగ్ చేసే అక్క ఓనర్ గారికి ఫోన్ చేసి హల్వా మాడిపోయిందా అండీ, ప్యాక్ చెయ్యాలా వద్దా అని అడిగిందంట.

కంచరపాలెం_జావా:
😂😂 ఎన్ని బైట్లు పంపాలో చెప్పే సెట్‌కాంటెంట్‌లెంగ్త్‌లో పేరు డాట్ లెంగ్త్, అంటే అక్షరాల లెక్క, ఇచ్చావు కదూ? మాడుగుల హల్వా గ్యాపుతో కలిపి 13. కానీ యూటీఎఫ్-8లో తెలుగువి ఒక్కోటి 3 బైట్లు, 12 ఇంటూ 3, గ్యాపు 1, మొత్తం 37. నువ్వు 13 అన్నావు, టామ్‌క్యాట్ 13 బైట్లే పంపింది, అంటే మాడు వరకు 12, గు లోంచి ఒక బైటు ముక్క, ఆ ముక్కే నీ డైమండ్. ఇంగ్లీషులో అక్షరానికి ఒక బైటే కాబట్టి ఇన్నాళ్ళూ దొరకలేదు, క్వశ్చన్ మార్కులప్పుడూ 13కి 13 సరిపోయింది. ఆ లైను తీసెయ్, లెక్క టామ్‌క్యాటే చూసుకుంటుంది.

గాజువాక_కోడర్:
తీసేశా. కర్ల్‌లో (సర్వర్ జవాబుని నేరుగా చూపించే టూలు) చూస్తే కాంటెంట్-లెంగ్త్ 37. ఓనర్ గారికి హల్వా బానే ఉందని చెప్పడానికి షాపుకెళ్తున్నా.