కోస్టారికాలో మన మామిడి జామ్ అమ్మాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

చిత్తూరు_టు_శాన్‌హోసే:
అందరికీ నమస్కారం. నాలుగేళ్లుగా కోస్టారికా రాజధాని శాన్‌హోసేలో ఉద్యోగం చేస్తున్నాను. మా మామయ్యకు దామలచెరువు దగ్గర చిన్న గుజ్జు ఫ్యాక్టరీ ఉంది, ఇన్నాళ్లూ తోతాపురి గుజ్జు డ్రమ్ముల్లో పంపడమే పని, రెండేళ్ల నుంచి జామ్ కూడా చేసి సీసాల్లో నింపుతున్నారు. పోయినసారి ఊరికెళ్లినప్పుడు ఆరు సీసాలు తెచ్చి ఆఫీసులో పెడితే మూడు రోజుల్లో ఖాళీ చేసేశారు. అప్పటి నుంచి ఒకటే ఆలోచన, ఒక ఇరవై అడుగుల కంటైనర్ తెప్పించి సూపర్‌మార్కెట్లకు వేస్తే ఎలా ఉంటుందని. ఏ కాగితాలు కావాలి, పన్నులు ఎంత పడతాయి, అసలు ఇక్కడి జనం మామిడి జామ్ కొంటారా? తెలిసినవాళ్లు చెప్పండి. పెట్టుబడి ఆయనది, అందుకే నాకు టెన్షన్.

పనామా_పచారీ:
తమ్ముడూ, కంటైనర్ మాట ఇప్పుడే ఎత్తకు. ముందు అక్కడి ఆరోగ్య మంత్రిత్వ శాఖలో సరుకు రిజిస్ట్రేషన్ అవ్వాలి, ఐదేళ్లు చెల్లుతుంది. దానికి ఇండియా నుంచి ఫ్రీ సేల్ సర్టిఫికెట్ (ఈ సరుకు ఇండియాలో మామూలుగా అమ్ముడయ్యేదేనని ఇచ్చే ప్రభుత్వ పత్రం) తెప్పించి, అపోస్టిల్ (విదేశాల్లో చెల్లేలా వేసే ప్రభుత్వ ధ్రువీకరణ ముద్ర) వేయించి, స్పానిష్‌లోకి అధికారికంగా అనువాదం చేయించాలి. ఈ పని ఊళ్లో మామయ్య ఇవాళే మొదలుపెట్టొచ్చు, డబ్బు కూడా పెద్దగా పట్టదు. సెంట్రల్ అమెరికా దేశాలకు లేబుల్ నిబంధనలు ఉమ్మడివే కదా, ఒకచోట చేయిస్తే గ్వాటెమాలలోనూ అమ్మేయొచ్చు అనుకునేవు. ఆ వెసులుబాటు అక్కడే తయారైన సరుకుకు, మనకు కాదు. మనం ఏ దేశానికి ఆ దేశంలో చేయించుకోవాల్సిందే.

నేను దెబ్బతిన్నది ఇక్కడే. ఒక దేశంలో నా పచ్చళ్లకు డిస్ట్రిబ్యూటర్ తన పేరు మీదే రిజిస్టర్ చేయిస్తానని, ఖర్చు కూడా తనదేనని అంటే సంతోషంగా ఒప్పుకున్నాను. ఏడాది తిరగ్గానే ఆర్డర్లు తగ్గించేశాడు. సరే వేరేవాళ్లకు ఇద్దామంటే కాగితం ఆయన దగ్గర, నేను ఎన్నిసార్లు అడిగినా రేపు చూద్దాం అనేవాడు, చివరికి మళ్లీ మొదటి నుంచి చేయించుకునేసరికి గోదాములో ఉన్న పెట్టెలన్నీ డేటు దాటిపోయాయి. నువ్వు మాత్రం నీ కంపెనీ పేరు మీదే చేయించు, ఎవరు ఎంత మంచిగా మాట్లాడినా సరే.

మోయిన్_క్లియరింగ్:
పన్నుల సంగతి నేను చెప్తాను, రోజూ చేసే పని కాబట్టి. జామ్ హెచ్‌ఎస్ కోడ్ (కస్టమ్స్ వాళ్లు సరుకు రకాన్ని గుర్తించే అంకె) 2007 కింద వస్తుంది. డ్యూటీ (దిగుమతి సుంకం) 15 శాతం అని లెక్క వేసుకోండి, కచ్చితమైన రేటు కోడ్ తేలాక ఏజెంట్ చెప్తాడు. సీసా రేవుకు చేరేసరికి సరుకు, ఓడ కిరాయి, బీమా కలిపి ఒక డాలర్ అయిందనుకుందాం. డ్యూటీతో 1.15, దాని మీద 13 శాతం వ్యాట్‌తో 1.30. వ్యాట్ మీరు అమ్మినప్పుడు సర్దుబాటు అవుతుంది కానీ ముందు మీ జేబులోంచే కట్టాలి. అమెరికా జామ్‌లకు డ్యూటీ తగ్గించే వాణిజ్య ఒప్పందం ఉంది, మనకు లేదు. అలమారలో వాటి పక్కనే మీ సీసా కూర్చోవాలి, అది గుర్తుంచుకోండి.

స్టిక్కర్ గురించి ఒక్క మాట. స్పానిష్ స్టిక్కర్ అతికించుకోవచ్చు, అందులో సరుకు పేరు, పదార్థాలు, బరువు, తయారైన దేశం, దిగుమతిదారు పేరు, చిరునామా, రిజిస్ట్రేషన్ నంబర్ ఉండాలి. కానీ ఒకసారి ఒక సరుకు వచ్చింది, స్టిక్కర్ సరిగ్గా లాట్ నంబర్, ఎక్స్‌పైరీ డేట్ మీదే అంటించారు, పైగా కంటైనర్‌లో చెమ్మకు అట్టపెట్టెలు మెత్తబడి స్టిక్కర్ల అంచులు లేచిపోయాయి. ఇద్దరు కుర్రాళ్లు రెండు రోజులు గోరువెచ్చటి నీళ్లతో గీకి మళ్లీ అంటించారు. తడికి ఆగే జిగురు వాడమని, కంటైనర్‌లో తేమ పీల్చే సంచులు వేలాడదీయమని మామయ్యగారికి చెప్పండి.

హెరెడియా_అక్క:
నేను ఇక్కడ పన్నెండేళ్లుగా ఉంటున్నాను బాబూ. వీళ్లకు ఉదయం గాయో పింటో, అంటే అన్నం, బీన్స్. జామ్ బయటికి వచ్చేది మధ్యాహ్నం కాఫీ వేళ, రొట్టె మీదో ఉప్పు బిస్కెట్ మీదో. అప్పుడు కూడా చేయి ముందు జామపండు జామ్ మీదికే పోతుంది, ఉహర్రాస్ లాంటి లోకల్ బ్రాండ్లు చిన్నప్పటి నుంచి అలవాటు. మామిడి వీళ్లకు కొత్త కాదు, పచ్చికాయ ముక్కల మీద ఉప్పు, నిమ్మరసం వేసి వీధుల్లో అమ్ముతారు, చూసే ఉంటావు. కాబట్టి ఇండియా మామిడి అని గొప్పగా రాస్తే సరిపోదు, నోట్లో పెట్టుకోగానే తేడా తెలియాలి. మా అత్తగారికి (ఇక్కడి మనిషే) నేను కాస్త ఎండుమిర్చి, అల్లం వేసిన మామిడి జామ్ ఇస్తే చీజ్ ముక్క మీద రాసుకుని తింటారు. మామూలు జామ్ ఇస్తే బాగుందని పక్కన పెట్టేశారు. ఆఫీసులో ఊరికే ఇస్తే ఎవరైనా తింటారు, డబ్బు పెట్టి రెండోసారి కొనేవాళ్లెందరో చూడు.

చిత్తూరు_టు_శాన్‌హోసే:
అక్కా, అన్నా, చాలా చాలా థ్యాంక్స్. రాత్రే మామయ్యతో మాట్లాడాను. కంటైనర్ ఆపేశాం. ఫ్రీ సేల్ సర్టిఫికెట్‌కు దరఖాస్తు పెడుతున్నారు, అల్లం, మిర్చి వేసి ఒక చిన్న గిన్నెడు వండి చూస్తామన్నారు అత్తయ్య. రిజిస్ట్రేషన్ అయ్యాక వేరేవాళ్ల సరుకుతో కలిపి ఒకటి రెండు ప్యాలెట్లే (చెక్క పలక మీద పేర్చి కట్టిన పెట్టెలు) తెప్పిస్తాను. మోయిన్ అన్నా, ఆ జిగురు ఏ రకమో, ఇండియాలో ఏ పేరుతో అడగాలో చెప్పగలరా?