అప్‌డేట్: ప్రాథమిక పాఠాల తరువాత తేతుమ్ అభ్యాసం

దిలీలో ఉద్యోగానికి వెళ్ళబోతున్న నేను, తూర్పు తిమోర్ ప్రజల తేతుమ్ భాషలో ప్రాథమిక పాఠాలు ముగిశాక ఆన్‌లైన్‌లో ఏ దారి పట్టాలని ఇదివరకు అడిగాను. వార్తలు వినమని, సొంతంగా వాక్యాలు రాసి దిద్దించుకోమని మీరు సూచించారు. రెండూ పాటించాను, రెండవదే ఎక్కువ మేలు చేసింది.

కాలాన్ని బట్టి క్రియారూపం మారదు కనుక వ్యాకరణం తేలికగా కనిపిస్తుంది గాని, భారమంతా పక్కన చేరే చిన్న మాటలదే. ‘హౌ హాన్ ఓనా’ అంటే తినేశాను, ‘హౌ సెయిడౌక్ హాన్’ అంటే ఇంకా తినలేదు. దిలీకి చెందిన మా టీచరు వీడియో పాఠాల్లో నా దినచర్యనే నాచేత చెప్పిస్తూ, తప్పిన ప్రతిచోటా ఆపి, వీటిని నోటికి అలవాటు చేయించారు. ఇంతటి ఓపిక గల గురువు దొరకడం నిజంగా అదృష్టం.

వార్తల్లో పోర్చుగీసు పదాలు విరివిగా వస్తాయి; బజారులో ధరలు తరచుగా ఇండోనేషియా అంకెల్లో వినిపిస్తాయి, అది 1975 నుంచి 1999 వరకు సాగిన ఆక్రమణ మిగిల్చిన జాడ. అందువల్ల మూడు భాషల అంకెలూ నేర్చుకోవడం తప్పనిసరి అని నా అభిప్రాయం. 2002 రాజ్యాంగం తేతుమ్‌ను అధికార భాషగా గుర్తించినా అందరూ ఒకే వర్ణక్రమం పాటించరు కాబట్టి, నిఘంటువులో పదం దొరకకపోతే మరో విధంగా రాసి వెతకండి. వార్తల సారాంశం ఇప్పుడు అందుతోంది. వేగంగా సాగే సంభాషణ కోసం అదే టీచరు దగ్గర పాఠాలు కొనసాగిస్తున్నాను.