వనభోజనాలకి జొన్నల సలాడా, పులిహోరా?

ఉప్పల్ వంటిల్లు:
వచ్చే ఆదివారం మా అపార్ట్‌మెంట్ వాళ్ళం ముప్పై మందిమి గండిపేట వైపు ఉసిరిచెట్లున్న ఒక తోటకి వనభోజనాలకి వెళ్తున్నాం. ఈసారి పులిహోర మానేసి చిరుధాన్యాలూ కూరగాయలూ కలిపి కడుపు నిండే సలాడ్ చేద్దామని సగం మంది అంటున్నారు. మిగతా సగం మంది ససేమిరా ఒప్పుకోవడం లేదు. నేను సలాడ్ వైపే, కానీ పోయినేడాది అనుభవం ఇంకా మర్చిపోలేదు. కొర్రలు ఉడికించి, కీరా, టమాటా, క్యారెట్ వేసి పొద్దున ఏడింటికే కలిపి పెట్టాను. పన్నెండింటికి మూత తీస్తే అడుగున వేలు మందాన నీళ్ళు, పైన ముద్దకట్టిన కొర్రలు. పిల్లలు ముట్టుకోలేదు. సగం పారబోయాల్సి వచ్చింది. అసలు సలాడ్ బయట భోజనానికి పనికొస్తుందా?

తార్నాక పెద్దమ్మ:
పనికిరాదమ్మా. 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరం అన్నప్పటి నుంచి ఏ ఫంక్షన్‌కి వెళ్ళినా కొర్రలూ సామలే. ఇంట్లో తినండి, మంచిదే. తోటకి మాత్రం పులిహోరే. అన్నం పళ్ళెంలో ఆరబోసి, పొడిపొడిగా అయ్యాక చిక్కటి చింతపండు పులుసు, నూనె, పసుపు పట్టిస్తాం. ఊరేకొద్దీ రుచి పెరుగుతుంది. కోసిన కీరా గంటకే వాడిపోతుంది. పైగా మా ఆయనవి కట్టుడుపళ్ళు, ఆ గింజలు ఎలా నములుతారు?

జొన్నచేను:
పెద్దమ్మా, మీ పులిహోరని కాదనను. కానీ తప్పు సలాడ్‌ది కాదు, గింజ ఎంపికది, కలిపిన వేళది. కొర్రలు పొట్టు తీసిన చిన్న గింజలు. ఉడికితే పిండి బయటికొస్తుంది, చల్లారితే అతుక్కుంటాయి. ఉప్మాకి, పొంగలికి అదే కావాలి, సలాడ్‌కి అదే చెరుపు. జొన్నకి పైపొర ఉంటుంది, ఉడికాక కూడా గింజ గింజగా నిలుస్తుంది. మాది సంగారెడ్డి వైపు పల్లె, ఇప్పుడు ఉండేది రాజేంద్రనగర్‌లో, చిరుధాన్యాల పరిశోధన సంస్థకి దగ్గర్లోనే. మా ఇంట్లో రొట్టెతో పాటు గుడాలు కూడా జొన్నలవే.

ముప్పై మందికి, పక్కన ఇంకో రెండు రకాలు ఉంటే, కిలోన్నర తెల్లజొన్నలు చాలు. ఉడికాక రెండింతలు పైనే అవుతాయి. రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్ళు వంపేసి, మునిగేంత కొత్త నీళ్ళు పోసి కుక్కర్‌లో ఆరేడు విజిల్స్, ఆపైన సన్నసెగ మీద పావుగంట. విజిల్స్ లెక్కని నమ్మొద్దు. ఒక గింజ తీసి రెండు వేళ్ళ మధ్య నొక్కండి. పై పొర చిట్లి లోపల మెత్తగా నలగాలి, మధ్యలో తెల్లటి గట్టి చుక్క కనపడకూడదు. కనపడితే ఇంకో నాలుగు విజిల్స్. అప్పుడు పెద్దవాళ్ళకీ నమలడం కష్టం కాదు.

అసలు కీలకం ఇక్కడుంది. నీళ్ళు వడకట్టి, గింజలు వేడిగా ఉన్నప్పుడే ఉప్పు, నిమ్మరసం, కాస్త నూనె పట్టించాలి. వేడి గింజ పులుపుని లోపలికి పీల్చుకుంటుంది, చల్లారాక వేస్తే పైపైనే జారిపోతుంది. కీరాకి ఉప్పు తగిలితే నీరు వదులుతుంది, పోయినేడాది మీ డబ్బాలో చేరింది ఆ నీరే. కీరాని నిలువునా చీల్చి గింజల భాగం చెంచాతో గీకేసి, ముక్కలు వేరే డబ్బాలో తీసుకెళ్ళండి. టమాటా వద్దు, దానిమ్మ గింజలు వేయండి. క్యారెట్, క్యాప్సికం, ఉడికించిన మొక్కజొన్న ముందే కలిపినా ఏం కాదు. వేయించిన పల్లీలు వడ్డించే ముందే, లేకపోతే మెత్తబడతాయి. ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకుతో పోపు పెడితే మనవాళ్ళ నోటికి ఇంకా దగ్గరవుతుంది.

రాత్రిడ్యూటీ నర్సు:
రుచి సంగతి మీరు తేల్చుకోండి. నాకు టెన్షన్ పెట్టేది వేరే. ఉడికించిన అన్నం, జొన్నలు ఏవైనా బయట గంటల తరబడి ఉంటే బాసిల్లస్ సెరియస్ (Bacillus cereus) అనే బ్యాక్టీరియా పెరగొచ్చు. దాని బీజాలు ఉడికించినా చావవు. వాంతులు తెప్పించే దాని విషం మళ్ళీ వేడి చేసినా పోదు. మామూలుగా చెప్పే లెక్క రెండు గంటలు, ఎండ 32 డిగ్రీలు దాటితే గంటే. జొన్నలు ముందురోజు రాత్రి వండితే వెడల్పాటి పళ్ళేల్లో పలచగా పరిచి, త్వరగా చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టండి. ఐస్‌బాక్స్‌లో తీసుకెళ్ళి తోటలోనే కలపండి. పచ్చి పెసర మొలకలు మాత్రం వద్దు. పసిపిల్లలు, గర్భిణులు ఉన్నచోట అసలే వద్దు.

తార్నాక పెద్దమ్మ:
యాభై ఏళ్ళుగా పులిహోర కట్టుకుని రైళ్ళలో తిరిగాం. ఎవరికీ ఏమీ కాలేదు తల్లీ.

రాత్రిడ్యూటీ నర్సు:
మీరు వేసే పులుపే కాపాడింది పెద్దమ్మా. పులుపు గట్టిగా ఉంటే బ్యాక్టీరియా పెరగడం కష్టం. ఇప్పుడు చాలాచోట్ల పులుసు తగ్గించి పసుపు రంగు అన్నం చేసి పులిహోర అంటున్నారు. అది నిలవదు. మీ చేతి పులిహోర అయితే నేనూ తింటాను, కానీ తెల్లవారుజామున కాకుండా బయల్దేరే ముందు కలపండి.

జొన్నచేను:
పులుపంటే గుర్తొచ్చింది. కార్తీకంలో ఉసిరికాయలు దొరుకుతాయి కదా, నిమ్మరసం సగం తగ్గించి ఉసిరి తురుము వేసి చూడండి. వగరు, పులుపు రెండూ జొన్నకి బాగా పడతాయి.

తార్నాక పెద్దమ్మ:
ఆదివారం ఉసిరికాయ తినరు బాబూ! చెట్టు కింద తింటాం గానీ కాయ ముట్టం. నిమ్మకాయే వేయండి. కార్తీకమాసం, ఉల్లిపాయ కూడా వేయకండి, తినని వాళ్ళు చాలామంది ఉంటారు.

ఉప్పల్ వంటిల్లు:
ఇవాళ ఒక గ్లాసు జొన్నలతో చేసి చూశాను. ఏడు విజిల్స్ తర్వాత గింజ నొక్కితే మధ్యలో ఆ తెల్ల చుక్క ఉంది, ఇంకో నాలుగు పెట్టాక పోయింది. వేడి మీద నిమ్మరసం పట్టించి, చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టాను. నాలుగు గంటల తర్వాత తీసి క్యారెట్, దానిమ్మ, పల్లీలు కలిపాను. గిన్నె వంచితే అడుగున చుక్క నీరు లేదు. మా అత్తయ్య రెండోసారి అడిగి వేయించుకున్నారు, పోపులో ఇంకాస్త ఇంగువ పడాలన్నారు. ఆదివారానికి కిలోన్నర నానబెడుతున్నాను. పులిహోర మానేయాలన్న మాట వెనక్కి తీసుకుంటున్నా, అది రెండు కిలోలకి తగ్గిస్తున్నాం.

తార్నాక పెద్దమ్మ:
రెండు కిలోలు చాలవు. మూడు పెట్టు.