కృషితో నాస్తి దుర్భిక్షం: ఆ ‘తో’ ఎవరిది? (కలంపేర్లతో సాగిన చర్చ)

సీతానగరం: 1947 ఆగస్టు 14 అర్ధరాత్రి రాజ్యాంగ సభలో నెహ్రూ, ముందున్న కాలం సుఖానికీ విశ్రాంతికీ కాదు, ఎడతెగని ప్రయాసకు అన్నారు కదా. మా సోషల్ మాస్టారు ఆ వాక్యం చెప్పగానే ‘కృషితో నాస్తి దుర్భిక్షం’ ఎత్తుకునేవారు. ‘మౌనేన కలహో నాస్తి’ దాకా గుర్తుంది. చివర ‘నాస్తి జాగరతో భయం’ అనాలా, ‘జాగ్రతో’ అనాలా?

లఘువు: ‘జాగ్రతో’ అంటే ఏడక్షరాలే. ఈ శ్లోకం ఛందస్సు అనుష్టుప్, దాని పాదానికి ఎనిమిది కావాలి. అసలు చూడాల్సింది మొదటి ‘తో’. అది మన తృతీయా విభక్తి కాదండీ. సంస్కృతంలో కృషితః, అంటే కృషి వల్ల; పక్కన నకారం వల్ల విసర్గ (ః) ఓకారమైంది. రెండో పాదం ‘జపతో నాస్తి పాతకం’లో ‘జపతో’ మళ్లీ వేరు: జపతః, జపించేవాడికి అని.

నాగలి: ‘తో’ ఎవరిదైనా కృషి మాత్రం రైతుది. కృష్ ధాతువుకి దున్నడం అని అర్థం, కృషీవలుడు అందులోంచే వచ్చాడు. సేద్యం ఉంటే కరువుండదని శ్లోకం. దాన్ని వేదికలెక్కి ‘కష్టపడండి’ అనే ఉపదేశం చేసేశారు, నాకు బాధ అక్కడే.

లఘువు: చాణక్యనీతిలో ‘ఉద్యోగే నాస్తి దారిద్ర్యం’ అని ఉంది, నాగలి గారూ. అక్కడ ఉద్యోగం అంటే ప్రయత్నమే. చివర కూడా ‘జాగరితే భయం’.

నాగలి: అది వేరే పాఠం. గురజాడ ‘దేశభక్తి’లో వరస చూడండి. ‘తిండి కలిగితె కండ కలదోయ్’ అన్నాకే ‘ఈసురోమని మనుషులుంటే’ అన్నాడు. ఆకలితో నీరసించినవాణ్ణి సోమరి అనలేదు. కష్టాన్ని పొగిడే ప్రతి నాయకుడూ ఆ రెండు పాదాలూ కలిపి చదవాలి.

సీతానగరం: నెహ్రూ మీద అంత కోపం వద్దండీ. ఆ వాక్యం వెనకే కష్టాల్లో ఉన్న కోట్లమంది సేవ, దారిద్ర్యం, అజ్ఞానం, రోగం అంతం కావాలన్న మాటలున్నాయి. శ్రమ ఎందుకో చెప్పారు.

పాతపుస్తకం: గురజాడా చెప్పాడుగా, ‘పాడిపంటలు పొంగి పొర్లే దారిలో నువు పాటుపడవోయ్’ అని. పాటు ‘పడు’ నుంచి వచ్చింది. ఒక్కటైతే శ్రమ, ‘పాట్లు’ అంటే బాధలు. ఏకవచనంలో వాడడంలోనే ఉంది ఆయన గొప్పతనం.

లఘువు: ‘అష్టకష్టాలు పడి’ అన్నప్పుడూ పడడమే కదండీ. వచనంతో అర్థం తేలదు.

పాతపుస్తకం: ‘ఈసురోమని’ తర్వాత ‘జల్దుకొని కళలెల్ల నేర్చుకు’ ఉంది. అది హిందుస్తానీ ‘జల్దీ’యే అని నా వాదం. కాదనేవాళ్లు ధాతువు చూపించండి.